థొరాంగ్ లా దాటే రోజు: ఫేదీ నుంచి ముక్తినాథ్ దాకా

నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది పోఖరా నుంచి జీపులోనో, జోమ్‌సోమ్ దాకా చిన్న విమానంలోనో వెళ్తారు. 108 దివ్యదేశాల్లో ఒకటైన ఆ గుడికి ఇంకో దారి కూడా ఉంది. తూర్పున మనాంగ్ లోయలోంచి నడుచుకుంటూ వచ్చి, 5416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా దాటి, గుడి వెనక కొండ మీంచి దిగే దారి. టిబెటన్ భాషలో 'లా' అంటే కనుమ. అన్నపూర్ణ సర్క్యూట్ (అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే నడకదారి) మొత్తంలో కష్టమైన రోజు ఇదే. ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క రోజు గురించి, దానికి ముందు పడుకునే రాత్రుల గురించి.

మొదట లెక్క చూసుకోండి. నడక మొదలయ్యే థొరాంగ్ ఫేదీ 4450 మీటర్లు, కనుమ 5416. అంటే ఎక్కేది 966 మీటర్లు. రాత్రికి చేరే రాణిపౌవా (ముక్తినాథ్ గుడి కింద ఉన్న ఊరు) 3700 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే దిగేది దాదాపు 1700. మన తూర్పు కనుమల్లోని అర్మకొండ ఎత్తు సుమారు 1680 మీటర్లు. సముద్రమట్టం నుంచి ఆ కొండ నెత్తి దాకా ఎంత ఎత్తో, అంతా ఒకే మధ్యాహ్నం దిగాలన్నమాట. పైన జెండాల దగ్గర ఫొటో తీసుకునే సమయానికి మోకాళ్ల పని ఇంకా మొదలే కాలేదు. అందుకే నీళ్లు, తిండి, కాళ్ల సత్తువ, పగటి వెలుగు, ఏది లెక్క వేసినా సగానికి పైగా అవతలి వైపుకి మిగిలేలా వేసుకోండి. ఈ రోజు దెబ్బతినే వాళ్లలో చాలామంది కనుమనే గమ్యం అనుకుని అక్కడికే అన్నీ ఖర్చు పెట్టేసినవాళ్లు.

ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. అలిపిరి మెట్లు 3550 ఎక్కితే ఊపిరికి మంచిదే. తొడలకి, మోకాళ్లకి అసలు పరీక్ష వీపున ఆరు కిలోల బ్యాగుతో మెట్లు దిగడం. కొండ దగ్గర్లో లేనివాళ్లు అపార్ట్‌మెంట్‌లో లిఫ్టులో పైకి వెళ్లి, మెట్ల మీంచి నడిచి దిగండి. వారానికి మూడు రోజులు, రెండు నెలలు చేస్తే తేడా తెలుస్తుంది.

ముందు రాత్రులు

కనుమ దాటగలరా లేదా అనేది ఆ రోజు తెల్లవారుజామున తేలే విషయం కాదు. అంతకు ముందు నాలుగు రాత్రులు ఏ ఎత్తులో పడుకున్నారన్నదాని మీద ఉంటుంది. 3000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది ఎత్తు మీద పనిచేసే డాక్టర్లందరూ చెప్పే సూత్రం. దానికి సరిపోయే వరస ఇది: మనాంగ్‌లో (3540) రెండు రాత్రులు, యాక్ ఖర్కాలో (సుమారు 4050) ఒకటి, ఫేదీలో ఒకటి. తల కాస్త దిమ్ముగా ఉన్నా లేదర్‌లో (4200) ఇంకో రాత్రి కలపండి. ఆ ఒక్క రోజు పోయినందువల్ల నష్టం ఏమీ లేదు.

ఇప్పుడు బేసీసహర్ నుంచి మనాంగ్ దాకా జీపు వెళ్తుంది. వచ్చిన చిక్కల్లా ఇదే. బేసీసహర్ ఎత్తు 760 మీటర్లు. అక్కడ జీపెక్కి, ఒకటి రెండు రోజుల్లో 3540కి చేరి, మూడో రోజుకే పైకి బయలుదేరేవాళ్లు ఉంటారు. శరీరం ఎర్ర రక్తకణాలనీ, ఊపిరి వేగాన్నీ ఆ ఎత్తుకి తగ్గట్టు మార్చుకోవడానికి రోజులు పడుతుంది. జిమ్ముకి వెళ్తున్నామా, మారథాన్ పరిగెత్తామా అన్నది దానికి పట్టదు. జీపులో వెళ్లక తప్పకపోతే చామే (2670) దగ్గర దిగి, అక్కడి నుంచి నడవండి. పీసాంగ్, బ్రాగా మీదుగా మనాంగ్ చేరేలోగా రెండు మూడు రాత్రులు కలిసొస్తాయి. ఆ ఊళ్లు కూడా చూసి తీరాల్సినవి.

మనాంగ్‌లో రెండో రోజు పడుకుని గడపకండి. నాలుగైదు వందల మీటర్లు పైకి ఎక్కి, ఒక అరగంట కూర్చుని, కిందకి వచ్చి పడుకోండి. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల వైద్య కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది. సీజన్‌లో మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు (గాలి పల్చబడ్డ ఎత్తున వచ్చే తలనొప్పి, వాంతులు) గురించి వివరించి చెప్తారు. మీ బృందంలో 'నాకేం కాదు' అనే మనిషిని ముందు అక్కడికి తీసుకెళ్లండి.

ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ (ఎసిటజోలమైడ్) మాత్ర సంగతి ఊళ్లో ఉండగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి. ముందు జాగ్రత్తగా వాడేవాళ్లకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తారు. వేళ్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, సోడా తాగితే రుచి చప్పగా తెలుస్తుంది. ఇవి మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా ఆ మాట చెప్పాలి. ఈ మాత్ర శరీరం ఎత్తుకి అలవాటు పడటాన్ని తొందర చేస్తుందే తప్ప, వేగంగా ఎక్కేయడానికి అనుమతి పత్రం కాదు.

ఫేదీలోనా, హైక్యాంపులోనా?

ఫేదీ అంటే నేపాలీలో కొండ పాదం. దాని నెత్తిన, గంటన్నర నిట్టనిలువు ఎక్కుడు పైన, 4880 మీటర్ల దగ్గర హైక్యాంపు ఉంది. అక్కడ పడుకుంటే మర్నాడు గంటన్నర మిగులుతుందని చాలామంది పైకి వెళ్లిపోతారు. మా సలహా మాత్రం ఫేదీలోనే పడుకోమని. యాక్ ఖర్కా నుంచి హైక్యాంపుకి ఒక్క రోజులో 800 మీటర్లు పెరుగుతుంది. ఆ ఎత్తున నిద్ర పట్టదు, తిండి సహించదు. రాత్రి ఎవరికైనా బాగోకపోతే చీకట్లో, మంచు గడ్డ కట్టిన మలుపుల దారిలో దింపాల్సి వస్తుంది. మధ్యాహ్నానికల్లా ఫేదీ చేరి, భోంచేసి, చేతులూపుకుంటూ హైక్యాంపు దాకా ఎక్కి, టీ తాగి, దిగి వచ్చి పడుకోండి. మర్నాటి చీకట్లో నడవబోయే దారిని పగటి వెలుగులో ఒకసారి చూసినట్టవుతుంది కూడా.

ఫేదీకి అరగంట ముందు, లోయ గోడ మీంచి రాళ్లు దొర్లిపడే చోటు ఒకటి ఉంది. బోర్డు కూడా పెట్టారు. గాలి లేవకముందు, పొద్దున్నే దాటండి. అక్కడ ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, మనిషికీ మనిషికీ మధ్య ఇరవై అడుగుల ఎడం ఉండాలి. చెవులకి ఇయర్‌ఫోన్లు తీసేయండి. పైన రాయి కదిలితే చప్పుడే ముందు తెలుస్తుంది.

బ్యాగు సర్దుకోవడం

ఇది రాత్రే అవ్వాలి. పొద్దున మూడున్నరకి, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు, హెడ్‌ల్యాంప్ వెలుగులో వెతికితే ఏదీ దొరకదు.

ఒంటికి: లోపల థర్మల్స్, పైన ఫ్లీస్, దాని మీద గాలి చొరబడని జాకెట్. బొచ్చు నింపిన దళసరి జాకెట్ బ్యాగులో పైనే ఉండాలి. అది ఆగినప్పుడు వేసుకోవడానికి. దాన్ని వేసుకునే నడక మొదలుపెడితే అరగంటలో చెమట పడుతుంది. ఆ తడి ఆగిన మరుక్షణం చల్లబడి వణుకు పుట్టిస్తుంది. బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపిస్తే బట్టలు సరిగ్గా వేసుకున్నట్టే. గ్లవ్స్ రెండు జతలు: లోపల పల్చనివి, పైన దళసరివి. జిప్పు పెట్టుకోవడానికో, కెమెరా తీయడానికో పైవి తీసినా లోపలివి తీయకండి. ఉన్ని టోపీ, మెడకి చుట్టుకునే గుడ్డ, మంచు మీద వాడే ముదురు కళ్లద్దాలు, ఎస్‌పీఎఫ్ 50 క్రీము, పెదాలకి బామ్. మబ్బు పట్టినా కళ్లద్దాలు తీయకూడదు. మంచు మీంచి తిరిగొచ్చే వెలుగుకి కళ్లు సాయంత్రానికి ఇసుక పోసినట్టు మండి, రెండు రోజులు తెరవలేని స్థితి వస్తుంది. బూట్లకి తగిలించే ఇనుప ముళ్ల గొలుసులు అక్టోబరులో ఎండగా ఉన్నా తీసుకెళ్లండి. తెల్లారి వేళ గట్టిపడ్డ మంచు మీద అవి లేకుండా నడవడం ప్రాణసంకటం.

నీళ్లు: రెండు లీటర్లు, రెండు సీసాల్లో. బయలుదేరే ముందు ఫేదీలో వేడినీళ్లు పోయించుకుని, సీసాని ఉన్ని మేజోడులో దూర్చి, బ్యాగులో మూత కిందకి వచ్చేలా తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డ కడతాయి. తలకిందులుగా ఉంటే గడ్డ సీసా అడుగున ఏర్పడుతుంది, మూత తేలిగ్గా తెరుచుకుంటుంది. గొట్టంతో పీల్చే నీళ్ల సంచి ఈ ఒక్క రోజుకి పనికిరాదు. గొట్టంలో నీళ్లు పావుగంటలో గడ్డకట్టేస్తాయి. ఫోను, పవర్ బ్యాంకు, హెడ్‌ల్యాంప్ అదనపు బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీతోనే పడుకోవాలి, పగలు లోపలి జేబులో ఉండాలి. చలికి బ్యాటరీ నిండుగా ఉన్నా ఫోను ఆగిపోతుంది.

తిండి: ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చస్తుంది. బలవంతంగానైనా లోపలికి పోవాలంటే నోటికి అలవాటైనదే ఉండాలి. పల్లీ పట్టీలు, నువ్వుండలు, ఖర్జూరాలు, ఎండుద్రాక్ష, ఇలా మనిషికి 300 గ్రాములు చాలు. పట్టీలని ఇంట్లోనే గోరంత ముక్కలు చేసి పొట్లం కట్టండి. చలికి రాయిలా బిగిసిన పట్టీని గ్లవ్స్‌తో విరగ్గొట్టలేరు, పళ్లతో కొరికితే పన్ను పోతుంది. సగం పొట్లం కనుమ దాకా, సగం దిగడానికి. ఒక చిన్న డబ్బాలో కందిపొడి కూడా పెట్టుకోండి. ఫేదీలో దాల్‌భాత్‌లోకి అది కలిస్తే, రెండు ముద్దలకి ఆగిపోయే మనిషి పళ్లెం ఖాళీ చేస్తాడు. అక్కడ అన్నం పలుకుగా, పప్పు బద్దగా ఉందని వంటమనిషిని అనకండి. 4450 మీటర్ల ఎత్తున నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా పప్పు ఉడకదు.

రాత్రి ఏడున్నరకల్లా పడుకోండి. మద్యం వద్దు, నిద్రమాత్ర అసలే వద్దు. రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి. నిద్రలో పక్కవాళ్ల ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఒక్కసారిగా గట్టిగా పీల్చుకోవడం వినిపిస్తుంది. ఈ ఎత్తున అది చాలామందికి జరిగేదే, భయపడక్కర్లేదు.

చీకట్లో ఎక్కుడు

మూడున్నరకి లేవడం, నాలుగున్నరకి కదలడం. రెండున్నరకే లేపి మూడింటికి తరిమే గైడ్లు ఉంటారు. మధ్యాహ్నం గాలికి భయపడి అలా చేస్తారు. అక్టోబరు, నవంబరుల్లో అంత తొందర అక్కర్లేదు. సున్నాకి కింద పది, పదిహేను డిగ్రీల చలిలో అదనంగా గంటన్నర చీకటి నడక వల్ల వేళ్లకి మంచుకాటు తప్ప ఒరిగేదేమీ ఉండదు. కడుపులో ఏదైనా వేడిగా పడాలి: గంజిలాంటి ఓట్స్ గానీ, త్సాంపా (వేయించిన బార్లీ పిండి) జావ గానీ, వెల్లుల్లి సూప్ గానీ. ఒక అరలీటరు నీళ్లు అక్కడే తాగేయండి.

హైక్యాంపు దాకా దారి మలుపులు మలుపులుగా నిటారుగా ఉంటుంది. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. చలికి తట్టుకోలేక, ముందున్న ల్యాంపుల వరస చూసి, గబగబా ఎక్కుతారు. ఆరు గంటలకి హైక్యాంపులో కూర్చునేసరికి తల పగిలిపోతుంటుంది. మొదటి అడుగు నుంచే అడుగులో అడుగు వేయండి. కాలు ముందుకి వేసి, వెనక కాలు తిన్నగా చాచి, బరువంతా ఆ ఎముక మీద నిలిపి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు రెండో కాలు. కండరానికి ప్రతి అడుగుకీ అర క్షణం విశ్రాంతి దొరుకుతుంది. పక్కవాళ్లతో చిన్న చిన్న మాటలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించండి. ఇలా నడిస్తే గంటకి 200 నుంచి 300 మీటర్ల ఎత్తు వస్తుంది. అంతే చాలు.

హైక్యాంపు నుంచి బయలుదేరాక దారి ఏటవాలు కొండ చరియకి అడ్డంగా పోతుంది, ఒక చిన్న వంతెన వస్తుంది. ఈ రోజు మొత్తంలో జారితే ప్రమాదమైన చోటు ఇదే. ఎండ పడకముందు ఇక్కడి మంచు గాజులా ఉంటుంది. ఇనుప ముళ్లు ఇక్కడికి రాకముందే, చదునైన చోట కూర్చుని తగిలించుకోండి. ఎదురుగా గుర్రాలో కంచరగాడిదలో వస్తే ఎప్పుడూ కొండ వైపే ఒదిగి నిలబడాలి. లోయ వైపు నిలబడితే వాటి మీది బరువు తగిలి కిందకి పోతారు.

తర్వాత దారి పెద్ద నిటారు కాదు, కానీ మనసుని అలసటకి గురిచేస్తుంది. ప్రతి మిట్ట ఎక్కాక ఇదే కనుమ అనిపిస్తుంది, తీరా చూస్తే వెనక ఇంకో మిట్ట. ఇలాంటివి చాలా ఉన్నాయని ముందే తెలిస్తే నిరాశపడరు. మధ్యలో ఒక టీ కొట్టు వస్తుంది. పది నిమిషాలు ఆగండి, దళసరి జాకెట్ వేసుకోండి, తీపి టీ తాగండి, వేళ్ల కొసలు చూసుకోండి. కొస తెల్లబడి స్పర్శ లేకపోతే చంకలో పెట్టుకుని వేడి చేయాలి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. దారి పొడవునా కర్రలు పాతి ఉంటాయి. మంచు పడ్డప్పుడు అవే దారి.

గుర్రం అద్దెకిస్తామని ఫేదీలో, హైక్యాంపులో అడుగుతారు. కాళ్లు అలిసిపోయిన మనిషికి గుర్రం పనికొస్తుంది. తలనొప్పి, వాంతులు ఉన్న మనిషిని గుర్రమెక్కించి ఇంకా పైకి తీసుకెళ్లడం మాత్రం చేయకూడని పని. నడక తగ్గినంత మాత్రాన గాలిలో ప్రాణవాయువు పెరగదు. పైగా కదలకుండా కూర్చున్న మనిషికి చలి రెట్టింపు కొడుతుంది.

ఎప్పుడు వెనక్కి తిరగాలి

హైక్యాంపు దగ్గర బృందమంతా ఆగి, ఒకరినొకరు చూసుకోవాలి. పారాసెటమాల్ వేసుకున్నా తగ్గని తలనొప్పి, వాంతి, అడుగు తడబడటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ మనిషి తోడుతో కిందకి దిగాలి. అనుమానం తీరడానికి ఒక పరీక్ష ఉంది. నేల మీద గీత గీసి, మడమని ఇంకో కాలి బొటనవేలికి ఆనించుకుంటూ పది అడుగులు వేయమనండి. పక్కకి తూలితే మెదడులో వాపు మొదలైందని అనుమానించాలి. కూర్చున్నప్పుడు కూడా ఎగశ్వాస, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట. రెండింటికీ మందు ఒకటే, దిగడం. తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. జబ్బుపడ్డ మనిషి తనకేం కాలేదనే చెప్తుంది లేదా చెప్తాడు. ఆ మాట నమ్మకండి, అడుగులు నమ్మండి.

గడియారానికి కూడా ఒక గీత గీసుకోండి. పదకొండు గంటలకి కనుమ చేరకపోతే వెనక్కి. ఆ తర్వాత పైన గాలి నిలబడనివ్వదు, అవతల 1700 మీటర్ల దిగుడు చీకట్లో పడుతుంది. మూడోది వాతావరణం. మంచు పడుతూ ముందున్న రెండో కర్ర కనబడకపోతే, మొదటి కర్ర దగ్గరే తిరగండి.

ఈ చివరి మాట మన తీరం వాళ్లకి కొత్త కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని ఛిన్నాభిన్నం చేసిన హుద్‌హుద్ తుఫాను, ఒడ్డు దాటాక బలహీనపడి ఉత్తరానికి పోయింది. రెండు రోజులకి, 14న, ఆ తేమంతా ఇదే కనుమ మీద మంచుగా కురిసింది. నడుం లోతు మంచులో, ముందు మనిషి కనబడని తెల్లటి పొగలో చిక్కుకుని అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో 40 మందికి పైగా చనిపోయారు. కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతూ దారి తప్పినవాళ్లు వాళ్లలో చాలామంది. అందుకని అక్టోబరు, నవంబరుల్లో వెళ్లేవాళ్లు మనాంగ్‌లో ఉండగా బంగాళాఖాతంలో ఏముందో తప్పక చూసుకోవాలి. వాయుగుండం ఒడ్డు దాటిందన్న వార్త వింటే, ఎండ ఎంత కాస్తున్నా మూడు రోజులు మనాంగ్‌లోనే ఉండిపోండి. ఇంటికి ఫోన్ చేసి 'అక్కడ వాన పడుతోందా' అని అడగటం కూడా ఇక్కడ పనికొచ్చే వాతావరణ సూచనే.

వెళ్లడానికి మంచి నెలలు అక్టోబరు, నవంబరు, ఆ తర్వాత మార్చి చివర నుంచి మే దాకా. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచుకి దారి తరచూ మూసుకుపోతుంది.

కనుమ మీద

తొమ్మిది, తొమ్మిదిన్నరకి చేరతారు. ప్రార్థన జెండాల కుప్ప, బోర్డు, సీజన్‌లో ఒక టీ కొట్టు. సముద్రతీరంలో పీల్చే ఊపిరిలో ఉన్న ప్రాణవాయువులో సగమే ఇక్కడ ఒక్కో ఊపిరికీ అందుతుంది. జాకెట్ వేసుకోండి, ఫొటో తీసుకోండి, నాలుగు ఖర్జూరాలు నమలండి, ఇరవై నిమిషాల్లో కదలండి. జెండాలు తొక్కకండి, దాటకండి. ఇంకో పని ఇక్కడే చేయాలి. బూట్ల తాళ్లు పూర్తిగా విప్పి, మడమని వెనక్కి బలంగా కొట్టి ఆనించి, చీలమండ దగ్గర గట్టిగా, వేళ్ల మీద వదులుగా మళ్లీ కట్టండి. ఎక్కేటప్పుడు కట్టిన ముడితోనే దిగితే పాదం ముందుకి జారి, వెయ్యి అడుగులకే బొటనవేళ్లు బూటుకి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకుని ఉండాలి.

దిగుడు

చేతికర్రలు ఎక్కేటప్పటికన్నా ఓ జానెడు పొడుగు చేయండి. కర్ర ముందు, కాలు తర్వాత. మోకాలు ఎప్పుడూ కొంచెం వంచి ఉండాలి. తిన్నగా బిగబట్టి మడమతో కొడితే దెబ్బంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. చిన్న అడుగులు వేయండి, పొడి ఇసుకరాళ్లు ఉన్నచోట పక్కకి తిరిగి దిగండి. ఎండ ఎక్కాక పైమంచు మెత్తబడి కింద బురద మొదలవుతుంది. ఇనుప ముళ్లు మంచు అయిపోగానే తీసేయండి. రాళ్ల మీద వాటితో నడిస్తే చీలమండ మెలికపడుతుంది. గంటకొకసారి అయిదు నిమిషాలు కూర్చుని, బూట్లలో రాళ్లు దులిపి, మిగతా పొట్లం తినండి. దిగుతున్నాం కదా, ఆయాసం లేదు కదా అని నీళ్లు మానేస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చే తలనొప్పి చాలాసార్లు నీళ్లు తాగకపోవడం వల్లే.

ఈ వైపు గాలి పొడి, చెట్టన్నది లేదు. దూరాన ధవళగిరి (8167 మీటర్లు), కింద గోధుమరంగు ముస్తాంగ్ లోయ కనిపిస్తాయి. కనుమ నుంచి రెండున్నర, మూడు గంటలు దిగాక చరాబు అనే చోట, 4200 మీటర్ల దగ్గర, నాలుగైదు భట్టీలు వస్తాయి. భట్టీ అంటే టీ, భోజనం దొరికే చిన్న ఇల్లు. కనుమ దాటాక తినడానికి దొరికే మొదటి చోటు ఇదే. ముక్తినాథ్ దగ్గరే కదా అని ఇక్కడ ఆగకుండా పోవద్దు. నూడుల్స్ అయినా సరే వేడిగా తిని, అరగంట కాళ్లు చాపుకోండి. ఇక్కడి నుంచి గుడికి గంట, గంటన్నర, దారి కూడా మెత్తన.

ముక్తినాథ్, కింద ఊళ్లు

మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య గుడి గోడ పక్కగా దిగుతారు. 108 ధారల కింద స్నానం ఆ సాయంత్రమే చేయాలనిపిస్తుంది. ఆగండి. ఒంట్లో నీళ్లు తగ్గి, పొద్దుట్నుంచీ సరిగ్గా తినక, అలసిపోయిన శరీరం మీద మంచునీళ్లు పడితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. గదికి వెళ్లి, గోరువెచ్చటి నీళ్లు తాగి, కడుపునిండా తిని పడుకోండి. స్నానం మర్నాడు పొద్దున ఎండ వచ్చాక. ఒక్కో ధార కింద నిలబడకుండా, చేయి పట్టి నీళ్లు చల్లుకుంటూ వరసగా సాగిపోతే నిమిషంలో అయిపోతుంది. తువ్వాలు, పొడిబట్టలు పట్టుకుని ఒకరు ధారల చివర నిలబడి ఉండాలి. ఈ చోటు బౌద్ధులకీ పవిత్రమే. వాళ్లు చుమిగ్ గ్యాత్స అంటారు, గుడి బాగోగుల్లో బౌద్ధ సన్యాసినులకి భాగముంది. దగ్గర్లో జ్వాలామాయి గుడిలో నేలలోంచి వచ్చే సహజవాయువు చిన్న నీలిమంటగా వెలుగుతూ ఉంటుంది.

అక్కడి నుంచి జీపెక్కేయకుండా కాగ్‌బేనీ దాకా నడవమని గట్టిగా చెప్తాం. రాణిపౌవా నుంచి గంటలోపే ఝార్కోట్ వస్తుంది. మట్టిగోడల ఇళ్లు, పాడుబడ్డ కోట, ఎర్రటి గొంపా (బౌద్ధ మఠం). ఇళ్ల పైకప్పుల అంచున పేర్చిన కట్టెలు శీతాకాలం కోసం దాచినవి, వాటి మీద కూర్చోకండి. మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ ఎదురైతే అది మన కుడిచేతి వైపు ఉండేలా నడవాలి, గుడికి ప్రదక్షిణ చేసినట్టే. మనిషిని ఫొటో తీసేముందు అడగాలి. కాగ్‌బేనీ 2800 మీటర్ల దగ్గర, ఝోంగ్ ఖోలా వాగు కాళీ గండకిలో కలిసే చోట ఉంది. ఊరికి రెండు కొసల్లో మట్టితో చేసిన కాపలా బొమ్మలు, ఒకటి ఆడ, ఒకటి మగ, నిలబడి ఉంటాయి. సాలగ్రామాలు దొరికే నది ఇదే. నల్లటి గుండ్రాయి పగిలితే లోపల చక్రంలా కనిపించేది కోట్ల ఏళ్ల కిందటి సముద్ర జీవి ఆనవాలు. హిమాలయం లేవకముందు ఇక్కడ సముద్రం ఉండేది.

ముక్తినాథ్‌లో స్నానం, దర్శనం అయ్యాక తొమ్మిదికల్లా కదలండి. కాళీ గండకి లోయలో దాదాపు రోజూ పదకొండు దాటితే దక్షిణం నుంచి ఈదురుగాలి లేచి, ఇసుక మొహాన కొడుతుంది. జోమ్‌సోమ్ వైపు నడిస్తే అది తిన్నగా ఎదురు. జోమ్‌సోమ్ నుంచి పోఖరాకి విమానాలు పొద్దున పూటే ఎగరడానికి కారణం కూడా ఈ గాలే. మబ్బు పడితే అవీ రద్దవుతాయి. తిరుగు ప్రయాణం టికెట్టు కొనేటప్పుడు మధ్యలో ఒక ఖాళీ రోజు వదలండి. విమానం ఎగరకపోతే జీపో బస్సో పట్టుకుని పోఖరా చేరడానికి ఆ రోజు సరిపోతుంది.

కాగితాల సంగతి: భారతీయులకి వీసా అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం అనుమతి సార్క్ దేశాలవాళ్లకి 1000 నేపాలీ రూపాయలు (మన వంద వాళ్ల 160). ట్రెక్కింగ్‌కి లైసెన్సున్న గైడు ఉండాలని 2023 ఏప్రిల్ నుంచి నేపాల్ నిబంధన పెట్టింది. మనాంగ్ పైన ఎక్కడా ఏటీఎం మీద ఆధారపడకండి, దారికి సరిపడా నగదు కిందే తీసుకోండి. బీమా తీసుకునేటప్పుడు హెలికాప్టర్ ఖర్చు ఉందా అని మాత్రమే కాదు, ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో కూడా చదవండి. 4500 మీటర్ల దగ్గరో 5000 దగ్గరో ఆగిపోయే పాలసీ ఈ కనుమకి చెల్లదు.